కంబళి, బొంత, ఇంటి పుస్తకం: మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమలో జ్ఞాపకాల చేతిపనులు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఉన్నితో, పాతబట్టతో, కాగితంతో సాగుతూ వచ్చిన చేతిపనుల్లో మూడింటిని ఒక కుటుంబంగా చూడవచ్చు. గొర్రె ఉన్నితో నేసే కంబళి మొదటిది. పాతచీరలతో కుట్టే బొంత రెండోది. తరాల చేతిరాతతో నిండే ఇంటి పుస్తకం మూడోది. ఉన్నిని నలిపి ఫెల్టుగా చేయడం, అచ్చు పుస్తకాన్ని కత్తిరించి, అంటించి, రంగులద్ది కొత్త వస్తువుగా మార్చడం నేడు ప్రపంచమంతటా అభిరుచి కళలుగా వ్యాపించాయి. ఈ సీమలో వాటికి దగ్గరి చుట్టాలు ఈ మూడు పనులే. అభిరుచి కళలో ముందు జ్ఞాపకం ఉంటుంది, దానికోసం వస్తువు పుడుతుంది. ఇక్కడ ముందు చలి, వాన, లెక్క, పెళ్లి ఉంటాయి. వాటి అవసరానికి పుట్టిన వస్తువుకు వాడగా వాడగా జ్ఞాపకం పడుతుంది.

ప్రాంతం, ముడిసరుకు

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె తాలూకా కడప జిల్లా నుంచి, పుంగనూరు జమీందారీ ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చి అందులో కలిశాయి. కుప్పం పాత కంగుంది జమీందారీ సీమ. అక్కడ ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులు దగ్గరపడతాయి. సంతలో ఒక్క బేరం మూడు భాషల్లో నడవగల చోటు అది. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. పక్కనే హార్స్‌లీ కొండలు. చలికాలం రాత్రుళ్లు ఇక్కడ పలుచని దుప్పటి చాలదు.

మెట్టనేల, తక్కువ వాన, మేత బీళ్లు ఉన్న ఈ సీమలో గొర్రె, చింతచెట్టు, మల్బరీ ఈ పనులకు మూలం. గొర్రె ఉన్నినిస్తుంది. మల్బరీ పట్టుపురుగును పోషిస్తుంది. చింతగింజ జిగురునిస్తుంది. పుంగనూరు చింతపండు వ్యాపారానికి పేరున్న ఊరు. పండు సంతకు పోతే, మిగిలిన గింజకూ ఒకప్పుడు ఇంట్లో పనుండేది. వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి ఉడికిస్తే చిక్కని గంజి అవుతుంది. ఆ గింజలో ఉండే పిండిపదార్థం నీటిలో ఉబ్బి, ఆరాక పొరలా గట్టిపడుతుంది. నేటి బట్టల పరిశ్రమ కూడా నూలుకు గంజి పెట్టడానికి చింతగింజ పొడిని వాడుతుంది. కంబళి మగ్గానికీ, పాతకాలపు లెక్కల పుస్తకానికీ ఇదే గంజి పనికొచ్చింది. బట్టకూ పుస్తకానికీ ఈ సీమలో ఉన్న బంధుత్వం అక్కడ మొదలవుతుంది.

ఫెల్ట్ ఎలా అవుతుంది

గొర్రెవెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి సన్నని పొరలుంటాయి. వేడినీళ్లు, సబ్బు తగిలితే ఆ పొలుసులు లేస్తాయి. అప్పుడు ఉన్నిని నలిపితే ప్రతి వెంట్రుకా తన మొదలున్న దిక్కుకే జరుగుతూ పోతుంది. ఎదురుదిక్కుకు కదలబోతే పొలుసులు అడ్డుపడతాయి. ఒకదాని పొలుసుల్లో మరొకటి చిక్కుకొని, నేతా కుట్టూ లేకుండానే పీచంతా దిట్టమైన పలకగా బిగుసుకుంటుంది. దాన్నే ఫెల్ట్ అంటారు. ఒకసారి బిగిసినదాన్ని మళ్లీ వెంట్రుకలుగా విడదీయలేం. ఉన్ని స్వెట్టరును పొరపాటున వేడినీళ్లలో ఉతికి, అది పిల్లవాడి చొక్కాయంతకు కుంచించుకుపోయాక తలపట్టుకున్న వారందరూ తెలియకుండా ఫెల్ట్ చేసినవారే.

ఉన్ని ఎంత సన్ననిదైతే అంత తొందరగా బిగుస్తుంది. మెరినో గొర్రె వెంట్రుక మందం 24 మైక్రాన్లకు లోపే ఉంటుంది కనుక ఫెల్ట్ కళాకారులు దాన్ని కోరుకుంటారు. దక్కను పీఠభూమి గొర్రెల ఉన్ని ముతక. అది ఫెల్టుకు అంత తేలిగ్గా లొంగదు గాని, వానకూ ఒరుపుకూ బాగా ఆగుతుంది. అయినా మహారాష్ట్రలో అదే జాతి ఉన్నిని నేయకుండా అదిమి పరుపుగా చేసే పద్ధతి ఉంది. దాన్ని జేన్ అంటారు. కశ్మీరు, రాజస్థాన్, కచ్ ప్రాంతాల్లో ఫెల్ట్ పరుపుల పేరు నమ్దా. తెలుగు సీమలో మాత్రం ఉన్నిని ముందు నేయడమే వాడుక అయింది. అందుకే తెలుగులో ఫెల్టుకు సొంత వాడుకమాట స్థిరపడలేదు. నేశాక నీళ్లలో తొక్కి పైభాగాన్ని ఫెల్టులా దట్టం చేసిన విదేశీ ఉన్నిబట్టకు మాత్రం పాత తెలుగులో సకలాతు అనే పేరుంది.

కంబళి

తెలంగాణలో గొంగడి అనేదాన్ని ఈ సీమలో కంబళి అంటారు. కన్నడంలోనూ తమిళంలోనూ దాదాపు ఇదే మాట వాడుకలో ఉండటంతో కుప్పం సంతలో ఈ వస్తువుకు అనువాదం అక్కరలేదు. దీన్ని నేయడం కురుబల వంశవృత్తి. అనంతపురం వైపు రాయదుర్గం, కళ్యాణదుర్గం ప్రాంతాలూ, సరిహద్దుకు అవతల చిత్రదుర్గం జిల్లా చళ్లకెరె ఈ పనికి పేరుపొందాయి.

ఏడాదికి రెండుసార్లు గొర్రెల బొచ్చు కత్తిరిస్తారు. దుమ్మూ ముళ్లూ దులిపి, ఏకి, రాట్నం మీద గానీ కదురు మీద గానీ వడుకుతారు. వడికేది ఎక్కువగా ఆడవారు, నేసేది ఎక్కువగా మగవారు. పడుగును ఆరుబయట బారుగా పరచి, చింతగింజ గంజిని కుంచెతో పట్టిస్తారు. ముతక ఉన్నిపోగుకు నూగు ఎక్కువ. గంజి ఆ నూగును అణచకపోతే పక్కపోగుతో పెనవేసుకొని మగ్గం మీద తెగుతుంది. అంటే ఉన్ని తన స్వభావం కొద్దీ ఫెల్ట్ కావాలని చూస్తుంటే, నేత పూర్తయ్యేదాకా దాన్ని ఆపి ఉంచేది చింతగింజ.

ఆ తరవాత ఆపేవారు లేరు. కాపరి కంబళిని వానలో తలమీదుగా ముసుగు వేసుకుంటాడు. మంద దగ్గర రాత్రి పరుచుకుంటాడు, తెల్లవారుజామున కప్పుకుంటాడు, పగలు మడిచి భుజాన వేసుకుంటాడు. తడి, చెమట, ఒంటివేడి, ఒరుపు కలిసి ఏళ్ల తరబడి పనిచేస్తాయి. పాత కంబళిని వెలుగుకు ఎత్తిపట్టి చూస్తే ఈ సంగతి కనబడుతుంది. అంచుల్లో పడుగూ పేకా ఇంకా విడివిడిగా లెక్కపెట్టగలం, వాటి సందుల్లోంచి వెలుతురు చుక్కలుగా వస్తుంది. భుజం మీద ఆనిన చోట, నడుం కింద నలిగిన చోట పోగులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి వెలుతురు రాదు. వేలితో తడిమితే అక్కడ నేత తెలియదు. నేతగాడు బట్టగా ఇచ్చినదాన్ని కాపరి ఒళ్లు అక్కడక్కడ ఫెల్ట్ చేసింది. అది ఎవరి కంబళో ఆ మనిషి ఎత్తూ పడకా చెబుతాయి.

కురుబల ఆచారాల్లో ఉన్నికి పవిత్రస్థానం ఉంది. ఎడ్గర్ థర్స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో వీరిలో రెండు శాఖల ప్రస్తావన ఉంది. పెళ్లిలో ఉన్నిదారంతో కంకణం కట్టేవారు ఉణ్ణి కంకణం వారు, నూలుదారంతో కట్టేవారు హత్తి కంకణం వారు. ముంజేతికి కట్టే దారం దేనితో పేనిందన్నదే ఇక్కడ వంశం గుర్తు.

దూదేకుల పని, బొంత

రాయలసీమ ఊళ్లలో దూదేకుల ముస్లింలు తరతరాలుగా పత్తి ఏకి పరుపులూ దిండ్లూ కుట్టినవారు. వీరి ఇంటిమాట తెలుగు, పేరే పనిని చెబుతుంది. నరంతో బిగించిన పెద్ద వింటిని గడ్డకట్టిన దూది మీద ఆనించి మీటితే నారి అదురుకు దూది పొగలా లేస్తుంది. ఆ చప్పుడు వీధి మొదట్లోనే వినబడేది. వీరికే పింజారీలనే పేరూ ఉంది. కచ్‌లో నమ్దా ఫెల్ట్ చేసే వర్గాల్లో ఒకదాని పేరు పింజారా. పీచును విడదీసే ఒకే వృత్తిపేరు అక్కడ ఉన్నిపరుపుకూ ఇక్కడ దూదిపరుపుకూ చేరింది. పత్తిపీచుకు పొలుసులుండవు కనుక అది ఫెల్ట్ కాదు, ఏళ్లకు గడ్డలు మాత్రం కడుతుంది. అందుకే దూదిపరుపును విప్పి మళ్లీ ఏకించుకోవచ్చు. ఫెల్టుకు ఆ రెండో జన్మ లేదు.

పరుపు కుట్టించే స్తోమత లేని ఇంట్లోనూ, ఉన్న ఇంట్లోనూ కూడా బొంత ఉండేది. చిరిగిన చీరలు, పంచెలు, పిల్లల గౌన్లు ఉతికి ఆరేసి, గుండీలు తీసి దాచి, కుట్లు విప్పి ముక్కలు చేస్తారు. మెత్తనివీ వెలిసినవీ లోపలికి, రంగున్నవి పైకి. నేలమీద పొరలు పరచి, నాలుగు మూలలా కదలకుండా రాయో రోకలో పెడతారు. పెద్దసూదితో, మందమైన చోట దబ్బనంతో అంచు నుంచి లోపలికి చుట్లుగా కుట్టుకుంటూ వస్తారు. చీర అంచులోంచి లాగిన దారమే కుట్టుదారం. కట్టుకున్న చీరే పరుపు, చీరే దారం.

బొంతలో కొత్తబట్ట వాడకపోవడానికి పొదుపు ఒకటే కారణం కాదు. వందలసార్లు ఉతికిన నూలు మెత్తబడుతుంది, చెమటను పీలుస్తుంది. నెలలబిడ్డను మొదట పాతబట్టలో పడుకోబెట్టడం తెలుగునాట ఆనవాయితీ. అవ్వ చీర మీద మనవడు పడుకుంటాడు. తెలుగులో అతుకుల బొంత అంటే పొందిక లేనిదని ఎగతాళి. బొంత కుట్టినవారి లెక్కలో మాత్రం ఏ అతుకూ ఊరికే రాదు. ఫలానా ముక్క పెద్దబిడ్డ సీమంతం చీర, ఫలానాది వానకు తడిసి రంగు దిగిన పండగ చీర. ఈ లెక్క బొంత మీద ఎక్కడా రాసి ఉండదు. కుట్టిన మనిషి ఉన్నంతకాలం బొంతను చదవవచ్చు, ఆమె పోయాక అది రంగుల బట్ట.

పట్టుగూడు

మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లె పట్టుచీరల నేతకు పేరుపొందింది. చుట్టుపక్కల పల్లెల్లో పట్టుపురుగుల పెంపకం ఉంది. పట్టుదారం నునుపు, పొలుసులుండవు, నలిపినా ఫెల్ట్ కాదు. కాని పట్టుగూడు తానే నేయని బట్ట. పురుగు ఒక్క పోగును వందల మీటర్ల పొడవున తన చుట్టూ తిప్పుకుంటూ, నోటి జిగురుతో పొరలుగా అతికిస్తుంది. పట్టుచిలుక కన్నం చేసుకొని బయటపడిన గూటి నుంచి తెగని దారం తీయడం కుదరదు. అలాంటి గూళ్లను కత్తిరించి, రంగులద్ది పూలుగా, దండలుగా చేసే హస్తకళ దేశంలో పట్టు పెంచే చోట్ల వ్యాపించింది.

కడితం: బట్టతో చేసిన పుస్తకం

బట్టా పుస్తకమూ ఒక్కటైన వస్తువు కడితం. నూలుబట్టకు చింతగింజ గంజిలో బొగ్గుపొడి కలిపి రెండువైపులా పట్టించి, ఆరాక రుద్ది నునుపు చేస్తారు. అది నల్లని పలక అవుతుంది. దాన్ని విసనకర్ర మడతలుగా మడిచి అటూ ఇటూ అట్టలు వేస్తారు. బలపంతో రాస్తే నలుపు మీద తెల్లగా అక్షరం పడుతుంది. వర్తకులు లెక్కలకూ, కరణాలు గ్రామపు దాఖలాలకూ దీన్ని వాడారు. చెల్లిన లెక్కను తుడిచి, పూత మళ్లీ వేసి, అదే పుటలో కొత్త లెక్క రాసుకోవచ్చు. పుస్తకాన్ని మార్చడం ఇక్కడ వింత కాదు, పుస్తకం ఉన్నదే అందుకు.

ఈ మాట నడిచిన దారి కుప్పం సీమలో బాగా కనబడుతుంది. తమిళంలో కడిదం అంటే నేడు ఉత్తరం. కన్నడంలో కడత అంటే ఆఫీసు ఫైలు. తెలుగులో కడితం పాత లెక్కల పుస్తకంగానే నిఘంటువులో ఉండిపోయింది. బట్టకు పూసిన ఒకే పూత మూడు భాషల్లో మూడు కాగితాలైంది.

తాటాకు గ్రంథానిది వేరే గుణం. గంటంతో గీసిన గీతలో మసి రుద్దాక అక్షరం చెరగదు. ఆకు శిథిలమైతే కొత్త ఆకుల మీద నకలు దించాల్సిందే. నకలు దించినవారు చివర తమ పేరు, సంవత్సరం, ఎవరికోసం రాశారో చేర్చి, తప్పులకు మన్నింపు కోరడం ఆచారం. ఈ కొస మాటల వల్ల ఒకే కావ్యపు రెండు ప్రతులు రెండు ఇళ్ల వస్తువులయ్యాయి. నకలు దించే ఈ పని దొరల కాలంలోనూ సాగింది. సర్వేయరు కాలిన్ మెకంజీ కావలి సోదరుల వంటి సహాయకులతో సేకరింపజేసిన గ్రామ కైఫీయతులు, అంటే ఊళ్ల వృత్తాంతాలు, చెడిపోతుండగా, తెలుగు నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్ వాటికి నకళ్లు రాయించి సంపుటాలుగా కట్టించాడు. మదనపల్లె అప్పట్లో చేరి ఉన్న కడప జిల్లాలోనే బ్రౌన్ తెలుగు అధ్యయనం సాగింది.

ఇంటి పుస్తకం

అచ్చు కాగితం వచ్చాక ఇంటింటా మారిన పుస్తకాల్లో పంచాంగం ముఖ్యమైనది. ఏడాది గడిస్తే పంచాంగానికి పని తీరిపోవాలి. కాని అంచుల్లో బిడ్డ పుట్టిన ఘడియ, ఆవు ఈనిన రోజు, బావిలో నీళ్లు పడిన తేదీ రాసి ఉంటే దాన్ని పారేయరు. రామకోటి పుస్తకం ఇందుకు పూర్తిగా ఎదురుకొస. అందులో కొత్త సంగతి ఒక్కటీ ఉండదు, ఒకే నామం గళ్లనిండా ఉంటుంది. అయినా మొదటి పుటలో నిటారుగా ఉన్న అక్షరం చివరి పుటలకు వణకడం చూసి రాసిన మనిషి వయసు చెప్పవచ్చు.

బడి పుస్తకాన్ని మార్చేది పిల్లలు. వార్తాపత్రిక అట్ట, మైదా జిగురుతో అతికిన పేరుచీటీ, పుటల మధ్య జాలీగా మారిన రావి ఆకు, నెమలీక. మేత పెడితే నెమలీక పిల్లలు పెడుతుందని నమ్మి, ఈతాకు తునకలు పక్కన పెట్టి, రోజుకు పదిసార్లు తెరిచి చూడటం తెలుగు బాల్యంలో అందరూ ఎరిగిన ప్రయోగం.

వీటన్నింటిలో ఎక్కువ కాలం పనిచేసేది చదివింపుల పుస్తకం. పెళ్లికి వచ్చినవారు ఇచ్చే కానుకే చదివింపు. తమిళంలో దాన్ని మొయ్ అంటారు. పెళ్లినాడు పందిట్లో ఒక బల్ల వేసి, చేతిరాత బాగున్నవారిని కూర్చోబెడతారు. కొత్త నోటుబుక్కు నాలుగు మూలలకూ పసుపు రాసి, పైన శ్రీకారం చుట్టి, దేవుడి పేరు మీద మొదటి పద్దు వేస్తారు. తరవాత వరసగా ఊరు, ఇంటిపేరు, మనిషి పేరు, నూటపదహార్లో ఐదొందల పదహార్లో. డబ్బుకు బదులు బిందె ఇస్తే బిందె అని, ఉంగరం పెడితే ఉంగరమని రాస్తారు. పెళ్లి అయిపోగానే ఇతర కాగితాలు ఎటో పోతాయి, ఇది పెట్టెలోకి వెళ్తుంది. పద్దు రాయించిన ఇంట్లో శుభకార్యం వచ్చినప్పుడు తీసి చూసి, అంతకు తగ్గకుండా తిరిగి చదివించి, పాత పద్దు పక్కన గుర్తు పెట్టుకుంటారు. ముప్పై ఏళ్ల తరవాత ఆ పుస్తకంలో రెండు రకాల సిరా, రెండు తరాల చేతిరాత ఉంటాయి. గుర్తు పడని పద్దులు ఇంకా ఇవ్వాల్సినవి, లేదా రాకపోకలు తెగిపోయిన ఇళ్లవి.

మదనపల్లె, 1919

ఒక కాగితం చేతిరాతతో చరిత్రలోకి ఎక్కిన సందర్భం మదనపల్లెలోనే ఉంది. అనీ బిసెంట్ 1915లో నెలకొల్పిన దివ్యజ్ఞాన కళాశాలకు 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చారు. ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ అప్పుడు అక్కడ ప్రిన్సిపాల్. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో తొలిసారి పాడిన జనగణమనను ఠాగూర్ ఇక్కడ పాడి వినిపించారు. ఫిబ్రవరి 28న దానికి తన ఇంగ్లీషు అనువాదాన్ని స్వహస్తాలతో రాసి ఇచ్చారు. భారతదేశపు ప్రభాతగీతం అన్న అర్థం వచ్చే పేరు దానికి పెట్టారు. కజిన్స్ భార్య మార్గరెట్ పాట బాణీని స్వరలిపిలోకి ఎక్కించారు. 1950 జనవరి 24న ఆ పాట జాతీయగీతమైంది. దాని అచ్చు ప్రతులకు లెక్కలేదు, మదనపల్లెలో రాసిన పుటకు ఊరూ తేదీ ఉన్నాయి.

ఇతర దేశాల్లో

సైబీరియాలోని అల్తాయి కొండల్లో పజిరిక్ సమాధుల మంచులో సుమారు 2,300 ఏళ్ల నాటి ఫెల్ట్ తెరలూ జీనులూ చెక్కుచెదరకుండా దొరికాయి. పుస్తకాల విషయానికొస్తే, జేమ్స్ గ్రేంజర్ 1769లో ప్రచురించిన ఇంగ్లాండు చరిత్రపురుషుల గ్రంథంతో, పాఠకులు తమకు దొరికిన బొమ్మలను పుటల మధ్య చేర్చి కుట్టించుకునే అలవాటు అక్కడ ప్రబలింది. 1966లో టామ్ ఫిలిప్స్ అనే బ్రిటిష్ చిత్రకారుడు పాత ఫర్నిచరు గోదాములో మూడు పెన్నీలకు 1892 నాటి ఒక నవల కొన్నాడు. ప్రతి పుటమీదా బొమ్మ వేసి, అక్కడక్కడ కొన్ని మాటలను మాత్రం మిగిల్చి ఆ నవలను ఎ హ్యూమ్యుమెంట్ అనే కొత్త పుస్తకంగా మార్చాడు. ఆ పని 2016 చివరి కూర్పుదాకా యాభై ఏళ్లు సాగింది. నేటి మార్పు పుస్తకాల కళకు ఇదే ప్రసిద్ధ నమూనా.

నేటి స్థితి, భద్రత

ఆంధ్ర మెట్ట ప్రాంతాల్లో గొర్రెల పెంపకం నేడు ప్రధానంగా మాంసం కోసమే. నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టివెంట్రుకే. పానిపట్టు నుంచి వచ్చే చౌక దుప్పట్లతో ధరలో కంబళి పోటీపడలేదు. బొంతల్లోకి పాలియెస్టర్ చీరలు చేరాయి. అవి చిరగవు, చెమట పీల్చవు. చదివింపులు ఫోను ద్వారా వచ్చినా చాలా ఇళ్లలో వాటిని నోటుబుక్కులోకి ఎక్కించడం మానలేదు. కుప్పంలో 1997లో స్థాపించిన ద్రావిడ విశ్వవిద్యాలయం మూడు భాషల సంగమస్థలంలో ఉండటం వల్ల, కంబళి, కడితం వంటి ఉమ్మడి మాటల అధ్యయనానికి అనువైన చోటు.

భద్రపరచే పద్ధతిలో ఈ వస్తువులకు మామూలు సూత్రం తిరగబడుతుంది. ప్రదర్శనశాలలో బట్టను శుభ్రం చేయడం, పుస్తకానికి కొత్త అట్ట వేయడం సంరక్షణ. వాడిన కంబళిని వేడినీళ్లలో ఉతికితే భుజం చోటుకూ అంచుకూ ఉన్న తేడా పోతుంది, మొత్తం ఒకేలా బిగుస్తుంది. చదివింపుల పుస్తకం పసుపుమరక తుడిస్తే అది ఎక్కడ మొదలైందో తెలియదు. వేపాకు, నీడన ఆరబెట్టడం, ఏడాదికి రెండుసార్లు మడత మార్చడం చాలు. బొంతకు మాత్రం ఇంకొక పని మిగిలి ఉంటుంది. కుట్టిన అవ్వ పక్కన కూర్చొని, ముక్క ముక్కకూ ఇది ఎవరిదని అడిగి, ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. అప్పుడు ఆ ఇంట్లో మరొక పుస్తకం మొదలవుతుంది.